కాళహస్తికి రైల్లో

తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి పోవడానికి బస్సులకు, కార్లకు కొదవలేదు. రాహుకేతు పూజ చేయించుకుని మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేస్తారు చాలామంది. వాళ్లు గుడిని చూస్తారు గానీ ఊరిని చూడరు. ఊరు కూడా చూడాలంటే గూడూరు వైపు పోయే ప్యాసింజరెక్కి పోవాలంటాను. గుడి వాకిట్లో దించదు కాబట్టి దిగినాక బజార్ల వెంబడి నడిచిపోవచ్చు.

రేణిగుంట దాటాక తిరుమల కొండలు వెనకబడతాయి. తర్వాత ఏర్పేడు. ఆ మండలంలోదే మాధవమాల, కొయ్యబొమ్మలు చెక్కేవాళ్ల ఊరు. ఆ పైన కాళహస్తి, కలంతో గుడ్డ మీద బొమ్మలు గీసే కలంకారీ ఊరు. అదే లైన్లో ఇంకా ముందుకు పోతే వెంకటగిరి, చీరల ఊరు. కొయ్య, కలం, మగ్గం మూడూ ఒకే పట్టాల వెంట ఉన్నాయి. ఈ దారి మీద నాకింత మమకారం అందుకే.

కాళహస్తిలో గుడికి ఒకవైపు కొండ, ఒకవైపు స్వర్ణముఖి ఏరు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడున్నది 2017లో పూర్తయిన కొత్త గోపురం. పాతదాన్ని చూసినవాళ్ల కళ్లు ఇప్పటికీ దాన్నే వెతుక్కుంటాయి.

దర్శనమయ్యాక కలంకారీ పనిచేసే ఇంటికి పోవాలి. నేను పోయినప్పుడు వసారాలో పరిచిన గుడ్డ మీద ఒక పెద్దావిడ సీత కొంగు గీస్తోంది. నేను వంగబోతే, "ముట్టుకోబాకు నాయనా, ఇంకా పచ్చిగా ఉండాది" అంది. ఆమె కలం వెదురుపుల్ల. మొన దగ్గర గుడ్డ చుట్టి దారంతో బిగించారు. వేళ్లతో ఆ చుట్ట నొక్కితే కసిం చుక్క చుక్కగా దిగుతుంది. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వారాల తరబడి నానబెడితే వచ్చే నల్లరంగు అది. గుడ్డను ముందే కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో ముంచి ఆరబెడతారు. పాలలో కొవ్వు ఉంది గనుక గీత చెదరదు, కరక్కాయ వగరు తగిలి కసిం నల్లబడుతుంది. ఎరుపు ఇంకా చిత్రం. కలంతో పటిక నీళ్లు పూస్తారు. గుడ్డను మంజిష్ఠ వేసి ఉడకబెడితే పటిక పడిన చోటే ఎర్రగా తేలుతుంది. ఏ రంగు వేసినా మళ్లీ ఉతకాలి, ఎండలో పరచాలి. ఏరు పారితేనే ఈ పని సులువు. స్వర్ణముఖి ఎండిన ఏడాది కష్టం భక్తులకన్నా వీళ్లకే ఎక్కువ.

ఈ విద్య ఒక దశలో అడుగంటింది. 1950ల చివర్లో కమలాదేవీ ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. దాంతో మళ్లీ ఊపిరి పోసుకుంది. బడిపంతులుగా పనిచేస్తూనే కలం పట్టిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఒకప్పుడు ఇలాంటి అద్దకం గుడ్డల కోసం ఇంగ్లీషువాళ్లు తూర్పు తీరమంతా తిరిగారు. 1639లో ఫ్రాన్సిస్ డే ఆ సరుకు చౌకగా దొరికే తావు వెతుక్కుంటూ పోయి మద్రాసులో కోటకు చోటు సంపాదించాడు. ఆ చోటిచ్చింది దామెర్ల వెంకటప్ప నాయకుడు, కాళహస్తి జమీందార్ల వంశంవాడు. చెన్నపట్నం అన్న పేరు ఆయన తండ్రి చెన్నప్పదే. అంత పెద్ద నగరం పుట్టుకలో గుడ్డకూ, ఈ వంశానికీ ఉన్న పాత్ర ఊళ్లోని పిల్లలకు బడిలో చెప్పాలి.

పొద్దుంటే వెనక్కి రాకండి. గూడూరు బండెక్కి వెంకటగిరిలో దిగి, సన్నటి నూలు మీద జరీ బుటా ఎలా ఎత్తుతారో మగ్గం పక్కన నిలబడి చూడండి. చీర కొనదలిస్తే దుకాణం దాకా పోకుండా నేసినవాళ్ల దగ్గరే కొనండి.