జలాశయం – జలం

నల్లగొండ జిల్లాలోని ఒక పల్లె నుండి కళాశాలకు వచ్చిన విద్యార్థి అతడు. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివాడు. ‘సి’ భాషలో పది సంఖ్యలను కూడే ప్రోగ్రాము వ్రాశాడు. ఎన్నిసార్లు నడిపినా సమాధానం సున్నాయే వచ్చింది. తనకు ఆంగ్లం రాకపోవడమే ఇందుకు కారణమని కుంగిపోయాడు. చదువు మానుకొందామనుకున్నాడు.

లోపం ఆంగ్లంలో లేదు. చరరాశిని ప్రకటించడం వేరు, దానికి విలువనివ్వడం వేరు. ఈ భేదానికి నిదర్శనం అతని జిల్లాలోనే ఉన్నది. నందికొండ వద్ద నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాలువలకు నీరు విడుదలైనది 1967 ఆగస్టు 4న. శంకుస్థాపన నాడే ఏ పొలమూ తడవలేదు. ఆనకట్ట పూర్తయ్యాక ఏటేటా కొత్త నీరు చేరుతుంది. అందుకోసం ఎవరూ మరల ఆనకట్ట కట్టరు.

‘ఇంట్ టోటల్’ అని ప్రకటించడం జలాశయ నిర్మాణం; ‘టోటల్ = 0’ అనడం అందులో నీరు నింపడం. గణితంలో సమానత్వాన్ని తెలిపే ఆ గుర్తు, ఇక్కడ కుడివైపు విలువను ఎడమవైపు ఉంచుమనే ఆజ్ఞ. ఆ విద్యార్థి లూపు లోపల సంఖ్యను కలిపేచోట కూడా ‘ఇంట్’ అని మరల వ్రాశాడు. దానితో అదే పేరుగల మరొక చరరాశి పుట్టింది. కూడిక దానిలోనే జరిగి, లూపు ప్రతి చుట్టు ముగియగానే అది అంతరించింది. వెలుపలి ‘టోటల్’ సున్నాగానే మిగిలింది.

లోపలి ‘ఇంట్’ను చెరపగానే సరియైన మొత్తం వచ్చింది. తనకు అడ్డుపడినది భాష కాదని, ఒక చిన్న భావమేనని అతడు గ్రహించాడు. మరునాడు తరగతిలో ముందు బల్లపై కూర్చున్నాడు.