అనుపు దారిలో ఆగిన మోటారు

మాచర్ల నుంచి సాగర్ రోడ్డు పట్టుకుంటే ఇరువైపులా నాపరాతి నేల, మధ్యమధ్య మిరప చేలు. ఎత్తిపోతల మలుపు దగ్గర బస్సు సగం ఖాళీ అయింది. మిగిలినవాళ్లం విజయపురి సౌత్‌లో దిగాం. కృష్ణకు ఇది కుడి గట్టు, పల్నాడు జిల్లా. డ్యాముకు ఆ చివర నల్గొండ జిల్లా. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యాము కోసం వెలిసిన కాలనీయే అయినా పేరు మాత్రం ఇక్ష్వాకుల కాలం నాటిది. మూడు, నాలుగు శతాబ్దాల్లో వాళ్లు ఏలిన విజయపురి ఈ జలాశయం కిందే ఉంది.

అందరూ నాగార్జునకొండ లాంచీ టిక్కెట్ల కోసం నిలబడితే నేను చేపల పడవల వైపు నడిచాను. నేను వెళ్లాల్సింది అనుపుకు. అక్కడికి రోడ్డుంది, ఆటోలూ వెళ్తాయి. నీళ్ల మీద వెళ్లాలన్నది నా సరదా. తెలిసిన కుర్రాడొకడు ఆ పక్కన వలలు చూసుకోవాలన్నాడు, వాళ్ల మామ కూడా వస్తున్నాడన్నాడు. ఒడ్డున ఏ మోటారు మొరాయించినా అందరూ పిలిచేది ఆ మామనే.

లాంచీలకు డీజిల్ ఇంజిన్ లోపల ఉంటుంది. ఈ పడవకు వెనక చెక్కకు బిగించినది చిన్న పెట్రోల్ మోటారు, రెండు స్ట్రోకులది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పోస్తారు. ఒడ్డు వదిలేటప్పుడు బాగానే ఉంది. లోతు నీళ్లలోకొచ్చి రేజ్ ఇచ్చేసరికి మిస్ కొట్టడం మొదలెట్టింది. తగ్గిస్తే కుదురుకుంటుంది, పెంచితే నీరసపడిపోతుంది. చివరికి ఆగింది.

"కార్బేటర్ ఇప్పుదామా మావా?" అన్నాడు కుర్రాడు.

"ఆగరా. ముందు ట్యాంకు కాడ్నుంచి రా."

నాకు ఆ మాట నచ్చింది. బండి ఆగితే చాలు, అందరి చేతులూ ముందు కార్బొరేటర్ మీదకే పోతాయి. పెట్రోల్ దారి మొదలయ్యేది ట్యాంకులోనైతే చివరి మజిలీని ముందు విప్పడం ఏం వరస?

మూత మీది గాలి మర తెరిచే ఉంది. అది బిగించేసి మర్చిపోతే పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల గాలి చాలక పైపులోకి రావడం మానేస్తుంది. కాసేపు బాగా నడిచి ఆగిపోయే మోటారుకు ముందు చూడాల్సింది అదే. తర్వాత పైపు మధ్యలో ఉండే రబ్బరు బంతి. చేత్తో నొక్కితే పెట్రోల్‌ను ముందుకు తోస్తుంది. దాని మీది బాణం మోటారు వైపు ఉండాలి. "ఇది లోపలికి పీక్కుపోయుంటే అడ్డం ట్యాంకు వైపు సార్. ఎంత నొక్కినా గట్టిపడకపోతే ఏడనో గాలి పీలుస్తా ఉంది. గట్టిగా ఉండి కూడా ఆగితే, అడ్డం ముందరుంది." నొక్కాడు. గట్టిపడింది.

కుర్రాడు తాడు లాగాడు. మోటారు నడుస్తున్నంతసేపూ మామ ఆ బంతి నొక్కుతూనే ఉన్నాడు. అలా నొక్కినప్పుడు పుంజుకుంటే పంపులో పల్చటి పొర చినిగినట్టు. పుంజుకోలేదు. చోక్ కాస్త లాగితే మాత్రం ఒక్కసారి ఊపందుకుంది. "దీనికి పెట్రోల్ చాలట్లేదు" అని తేల్చాడు.

తెడ్లేసుకుని బండల పక్కకు చేరాం. ఆయన బీడీ ఆర్పి దూరంగా పెట్టాడు. కార్బొరేటర్ అడుగు గిన్నెకున్న మర వదులు చేసి, లోపలున్నది సీసాలోకి పట్టాడు. ట్యాంకు అడుగు నుంచీ ఇంకాస్త పట్టి, ఎండకెత్తి చూపించాడు. పైన ఆయిల్ రంగు పెట్రోల్, కింద రంగు లేని మరో పొర.

"నీళ్లా?" అన్నాను.

"ఉత్త నీళ్లు గాదు సార్. నీళ్లూ స్పిరిటూ కలిసింది."

బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ20 అమ్మకాలు 2023లో మొదలయ్యాయి. పెట్రోలుకు నీళ్లు పొసగవు గాని ఇథనాల్‌కు మహా ఇష్టం. కొంతవరకు తనలో కలుపుకుంటుంది, ఏ ఇబ్బందీ కనిపించదు. మోతాదు మించినా, రాత్రి బాగా చల్లబడినా పెట్రోల్‌ను వదిలేసి నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. ట్యాంకులో పైపు పీల్చేది అడుగునుంచే. పైగా ఆయిల్ పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. అంటే మోటారు లోపలికి పోయేదానికి మంటా లేదు, జిడ్డూ లేదు. రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో పిస్టనుకూ బేరింగులకూ వేరే ఆయిల్ ఉండదు కనుక, ఆ సరుకుతో అది ఆగిపోవడమే నయం, నడిస్తేనే పట్టేస్తుంది. రోజూ తిరిగే బైకుకు ఈ పేచీ ఉండదు, పెట్రోల్ నిలవ ఉండదు కాబట్టి. వేట లేని వారాల్లో సగం ట్యాంకు పడవలోనే వదిలేస్తే, ఆ ఖాళీ సగంలో చేరేది జలాశయం తేమే.

గిన్నె విప్పాడు. అడుగున జిగురులాంటి మడ్డి. మెయిన్ జెట్ తీసి ఆకాశానికి పట్టాడు. బియ్యపు గింజను మించని ఇత్తడి ముక్క, నడుమ సన్నటి బెజ్జం. వెలుగు సరిగా రావడం లేదు. కుర్రాడు పిన్నీసు ఇవ్వబోతే గదిమాడు: ఇనుముతో గీకితే బెజ్జం పెద్దదవుతుంది, ఆ మోటారు ఇక జన్మంతా ఎక్కువ తాగుతుంది. పడవలో పడున్న వల నుంచి నైలాన్ పోగు ఒకటి తెంపి దూర్చాడు, స్ప్రే కొట్టాడు, మళ్లీ పైకి పట్టాడు. ఈసారి చుక్కంత వెలుగు, గుండ్రంగా.

చెడిన పెట్రోల్‌ను నీళ్లలో పొయ్యనివ్వలేదు. ఖాళీ డబ్బాలోకి వంచి, పైపు కూడా దులిపి, కొత్త పెట్రోల్ ఆయిల్‌తో కలిపి పోశాడు. తాడు లాగితే మోటారు అందుకుంది. రేజ్ పెంచినా తడబడలేదు.

అనుపులో ఎక్కువసేపు ఉండలేదు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను తవ్వి, మునగబోయే కట్టడాల్లో కొన్నిటిని ఇక్కడికీ కొండ మీదకీ తరలించి మళ్లీ కట్టారు. నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలం ఆ కోవలోదే. మెట్ల మీద కూర్చుని చూస్తే, బస్సులో చూసిన నాపరాయే కాళ్ల కింద ఉంది. వర్ణనలు చాలా చదివి వచ్చాను గనక ఆశ్చర్యపోలేదు. ఎండ మాత్రం మాడ్చింది.

తిరిగొచ్చాక మామ మోటారు ఆపలేదు. నడుస్తుండగానే పెట్రోల్ పైపు ఊడదీశాడు. గిన్నెలో మిగిలిందంతా తాగేసి దానంతటదే ఆగింది. "వారం ఎక్కకపోతే ఇట్టా ఆపాల. నీళ్లు పట్టే ఫిల్టరొకటి బిగిస్తే ఇంకా మంచిది. గుంటూరు పోయినప్పుడు తెస్తా."

"ఎంతవుద్ది మావా?"

"ఈ పూట పడ్డ బొచ్చెలమ్ముకో, సరిపోద్ది. ముందు ఆ ట్యాంకు ఇంటికి మోసుకుపో."