ప్రేమకథలో చాటు వైద్యం

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ వెనక ఒక జాబితా ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించారు. మొత్తం 1,034. పెళ్లికూతుళ్లలో ఐదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44 మంది, మూడేళ్లవాళ్లు 36 మంది, రెండేళ్లవాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. 1897లో అచ్చయిన తొలి కూర్పు ముందుమాటలో గురజాడ ఈ అంకెలు ఇచ్చారు. నాటకంలో ఆడవేషం వేసిన కుర్రాడితో దొంగపెళ్లి ఉంది, జరగని హత్యకు కేసు ఉంది. కల్పన ఎంత దూరం పోయినా దాని కాళ్లు ఆ జాబితా మీదే ఉన్నాయి.

విజయనగరంలో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరమ్మ, తన దగ్గరకు సందేహాలతో వచ్చే కుర్ర రచయితలకు ముందు ఈ సంగతి చెబుతారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రభుత్వాసుపత్రుల కాజువాలిటీల్లో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసిన మనిషి. సాహిత్యం మీద ప్రీతి ఉంది. అందుకే సీరియల్ రాసేవాళ్లు, షార్ట్‌ఫిల్మ్ తీసేవాళ్లు ఆవిడ క్లినిక్‌లో ఓపీ అయ్యేదాకా కూర్చుంటారు. వాళ్ల కథలు చాలావరకు ప్రేమకథలే. మధ్యలో ఒక నేరం, దాని పక్కన ఒక చాటు వైద్యం.

ప్రశ్నలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. ఏ మాత్ర? ఎన్ని వేస్తే? ఎంతసేపటికి?

ఆ మూడింటికీ ఆవిడ జవాబు చెప్పరు. సీరియల్ చదివేవాళ్లలో కథలోని కష్టంలోనే ఉన్న అమ్మాయి ఒకతె ఉండవచ్చు. మందు పేరు, మోతాదు రాస్తే అది ఆమె చేతికి అందిన చీటీ అవుతుంది. పైగా కథకు ఆ వివరం అక్కరలేదు. మందు మింగాక ఒంట్లో ఏం జరిగింది, ఇంట్లో ఏం జరిగింది, ఎవరు నిజం దాచారు అన్నవి మాత్రం ఎంత అడిగినా ఓపిగ్గా చెబుతారు.

ఆవిడ డ్యూటీలో ఉన్న ఒక రాత్రి డిగ్రీ చదివే అమ్మాయిని తీసుకొచ్చారు. కడుపునొప్పి అన్నారు. కనురెప్ప కిందికి లాగి చూస్తే కాగితంలా తెల్లగా ఉంది. నాడి పరుగెడుతోంది, బీపీ అందడం లేదు. పైకి కనిపించే రక్తస్రావం మాత్రం కొంచెమే. ప్రేమించిన కుర్రాడు మందుల షాపులో చీటీ లేకుండా గర్భం పోయే మాత్రలు కొన్నాడు. స్కానింగ్ ఎవరూ చేయించలేదు. గర్భం సంచిలో లేదు, ట్యూబులో ఉంది. ఆ మాత్రలు ట్యూబులోని గర్భాన్ని తీయలేవు. ట్యూబు పగిలి రక్తమంతా కడుపు లోపలే చేరింది. కుర్రాడు వార్డు బయటే నిలబడి, మాత్రల సంగతి చాలాసేపు చెప్పలేదు. ఆపరేషన్ చేసి రక్తం ఎక్కించాక అమ్మాయి బతికింది.

ఆ కుర్రాణ్ణి విలన్‌గా రాయవద్దంటారు డాక్టరమ్మ. ఇరవై ఏళ్లవాడు, భయపడ్డాడు. అలాగని హీరోగా కూడా రాయవద్దు. నోరు విప్పకపోవడం వల్ల చికిత్స ఆలస్యమైంది, ఆ ఆలస్యం ఆమె ప్రాణం మీదకు వచ్చింది. ప్రేమకొద్దీ చేశాడు కదా అని పాఠకుల చేత క్షమింపజేయడం మన ప్రేమకథలకు అలవాటైపోయిందని ఆవిడ బాధ.

ఇంకో విషయం ఆవిడను మరింత కలతపెడుతుంది. అసలు ఆ చాటు వైద్యం అవసరమే లేదు. 1971 నాటి గర్భస్రావ చట్టానికి 2021లో సవరణ వచ్చాక, గర్భనిరోధకం విఫలమైందన్న కారణం పెళ్లికానివాళ్లకూ వర్తిస్తోంది. ఇరవై వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. పద్దెనిమిదేళ్లు నిండిన అమ్మాయి సంతకం ఆమెదే, అమ్మానాన్నలది అక్కరలేదు. ఆమె పేరు గోప్యంగా ఉంచడం చట్టం డాక్టరు మీద పెట్టిన బాధ్యత. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య నిబంధనల్లోనూ పెళ్లికానివాళ్లను వేరుగా చూడకూడదని తీర్పు చెప్పింది. ఏ నవల్లోనైనా హీరోయిన్ ఆడవాళ్ల ఘోషాసుపత్రి మెట్లెక్కి తన సంతకం తాను పెట్టే అధ్యాయం ఒకటి ఉంటే చదవాలని డాక్టరమ్మ కోరిక.

సోంపేట వైపు నుంచి వచ్చిన కేసు మరో తరహాది. ప్రేమించి పెళ్లి చేసుకున్న కుర్రాడు. ఆకలి చచ్చిపోయింది, వాంతులు, మొహం ఉబ్బింది. “మా గుంటడికి ఆ గుంట మందెట్టేసింది డాక్టరమ్మా, నాలుగు మెతుకులు కూడా లోనికెల్లట్లేదు” అంది తల్లి. కోడలు అన్నంలో వశీకరణ మందు కలిపిందని ఇంటిల్లిపాదీ నమ్మి, ఆమెను కన్నవారింటికి పంపేశారు. మందు కక్కిస్తానన్నవాడి దగ్గరకు కుర్రాణ్ణి తీసుకెళ్లారు. వాడు ఏదో పసరు తాగించి రోజంతా వాంతులు చేయించాడు. ఒంట్లో నీళ్లు పోయి మూత్రం బందయ్యాక ఆసుపత్రికి వచ్చారు. క్రియాటినిన్ చూస్తే సంగతి తెలిసింది. కిడ్నీలు ఎప్పటినుంచో దెబ్బతింటున్నాయి.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పరుచుకున్న ఉద్దానం అది. కొబ్బరితోటలు, జీడితోటలు. రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు సాగుతున్నా అక్కడి కిడ్నీ జబ్బుకు ఖచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. జబ్బు చాలాకాలం పైకి కనిపించదు. కనిపించేసరికి ఆకలి పోవడం, వాంతులు, వాపు. ‘మందు పెట్టారు’ అని జనం చెప్పే లక్షణాలూ అవే. పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. కుర్రాడు ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. రిపోర్టు వివరించి చెప్పాక అత్తే వెళ్లి కోడలిని తీసుకొచ్చుకుంది. నేరం చేసిందన్న మనిషి చేయలేదు. వైద్యం చేశానన్న మనిషి మాత్రం చేశాడు.

ఈ గడ్డ మీద ఇలాంటి రాతకు దారి ఉంది. అనకాపల్లిలో పుట్టిన డాక్టర్ పి. శ్రీదేవి స్వయంగా వైద్యురాలు. ఆమె నవల ‘కాలాతీత వ్యక్తులు’ 1957–58లో ‘తెలుగు స్వతంత్ర’లో వచ్చింది. ప్రేమలో పిరికితనం ఎంత నష్టం చేస్తుందో మెత్తదనం లేకుండా చూపించింది. శ్రీకాకుళంలో 1922లో పుట్టిన రావిశాస్త్రి, విశాఖలో వకీలుగా చూసిన మనుషులతో ‘ఆరు సారా కథలు’ రాశారు. దొంగసారా ఎలా కాచాలో నేర్పడానికి కాదు, ఆ కేసుల్లో ఎవరు ఇరుక్కుంటున్నారో చూపించడానికి.

ఈమధ్య డాక్టరమ్మ దగ్గరకు వచ్చిన రచయిత్రిది శ్రీకాకుళం. ఆమె కథలో ఉద్దానం కుర్రాడికి, ప్రేమించిన అమ్మాయి రాత్రికి రాత్రే కిడ్నీ ఇచ్చేస్తుంది. కుదరదన్నారు డాక్టరమ్మ. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్య దగ్గరి బంధువు, ప్రియురాలు కాదు. ప్రియురాలు ఇవ్వాలంటే అధికార కమిటీ అనుమతి కావాలి. అవయవం అమ్మినా కొన్నా, దళారీతనం చేసినా ఐదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా.

రచయిత్రి నిరుత్సాహపడింది. కాసేపటికి ఆమెకే కొత్త కథ తట్టింది. ఒక దళారి దొంగ పెళ్లి సర్టిఫికెట్ పుట్టిస్తాడు. కమిటీ ముందు అమ్మాయి అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పి అనుమతి కోసం ఎదురుచూడాలి. అబద్ధమే నెగ్గాలని రచయిత్రి పట్టు. అయితే తర్వాతి ఏడాది కూడా రాయమన్నారు డాక్టరమ్మ. అమ్మాయిదీ ఉద్దానమే, తాగిందీ ఆ ఊరి నీళ్లే. ఒక కిడ్నీతో మిగిలిన ఆమె బీపీ ఎంత, మూత్రంలో ప్రొటీన్ పోతోందా, దాత పరీక్షలన్నీ దళారి సరిగ్గా చేయించాడా? వీటికి రచయిత్రి దగ్గర ఇంకా జవాబుల్లేవు. ఆ అధ్యాయం మొదలుపెట్టే ముందు కిడ్నీ డాక్టర్లతో, డయాలసిస్‌కు వచ్చేవాళ్లతో మాట్లాడటానికి పలాస వెళుతోంది.