లెక్క వచ్చు... చెప్పడం వచ్చా?

అర రొట్టెకి మూడోవంతు రొట్టె కలిపితే ఎంత? పై అంకెలు పైన, కింది అంకెలు కింద కూడేసి 2/5 అనేస్తాడు ఆరోక్లాసు పిల్లాడు. 'తప్పు, క.సా.గు. తియ్యి' అనడానికి బీఎస్సీ పట్టా చాలు. '2/5 అంటే సగంకన్నా తక్కువే కదా, కలిపాక రొట్టె తగ్గిందేంటి?' అని అడగాలంటే మాత్రం టీచరు కావాలి.

డిగ్రీ చేసినవాళ్లని అలాంటి టీచర్లుగా మలచాల్సింది బీఈడీ. ఏడాదిగా ఉన్న ఆ కోర్సుని 2015లో రెండేళ్లు చేసి, కనీసం 20 వారాలు బడిలో గడపాలన్నారు. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థయితే ఇంటర్ అవగానే చేర్చుకుని నాలుగేళ్లలో బీఎస్సీ, బీఈడీ కలిపి చెబుతుంది.

మరి ఉద్యోగం? తెలంగాణలో 2024లో, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో జరిగిన డీఎస్సీల్లో స్కూల్ అసిస్టెంట్లకి రాతపరీక్షకి 80 మార్కులు, టెట్ వెయిటేజీ 20. బోధనా పద్ధతుల మీద ప్రశ్నలుంటాయి కానీ, బోర్డు ముందు నిలబెట్టి పాఠం చెప్పించి చూసేది లేదు. అందుకే నోటిఫికేషన్ మాట వినబడగానే అందరి చూపూ అవనిగడ్డలాంటి ఊళ్లలోని కోచింగ్ సెంటర్ల వైపే.

ర్యాంకు అక్కడ దొరకొచ్చు. పిల్లాడు ఎక్కడ తడబడతాడో తెలిసేది మాత్రం ఆ 20 వారాల బడిలోనే. హాజరు వేయించుకుని వచ్చేస్తే, ఆ పాఠం మళ్లీ ఏ కోచింగ్‌లోనూ చెప్పరు.