పచ్చని ఆకు, ఖాళీ కంకి

బి.కాం. చదివి బ్యాంకులో చేరిన నాకు పైరు పచ్చలతో పరిచయం పంట అప్పుల తనిఖీల వల్లే కలిగింది. మా షోలాపూర్ జిల్లాలో రబీ జొన్న ముఖ్యం. వానలు వెళ్ళాక నల్లరేగడిలో మిగిలిన చెమ్మను నమ్ముకుని వేస్తారు. ఊరంతా కడబా అనేదాన్ని మా ఇళ్ళలో ఇప్పటికీ చొప్ప అనే అంటాం. గట్టు మీదనుంచే చూసి "పైరు పచ్చగా ఉంది" అని రాసెయ్యడం మా వృత్తిలో పాత అలవాటు.

అలా ఎవరో రాసిన ఒక్క వాక్యం వల్ల వాయిదా గడువు దొరకని ముసలి రైతు ఒకాయన ఓసారి నా బల్ల దగ్గరికి వచ్చాడు. "గింజ పడితే ఆకు ఎండుతుంది సాహెబ్. నా చేలో గింజ పట్టలేదు, అందుకే పచ్చగా ఉంది" అన్నాడు మరాఠీలో. వెళ్ళి కంకి నలిపి చూస్తే అరచేతిలో పొట్టే మిగిలింది. గడువు ఇప్పించగలిగాను గానీ, అప్పటికే ఎద్దుల జత అమ్ముడైపోయింది.

ఆయన మాటకు ఆధారం తర్వాత పుస్తకాల్లో దొరికింది. ఆకు వంటిల్లే కాదు, కొట్టుగది కూడా. గింజ పాలు పోసుకునే వేళ మొక్క ఆకులోని మాంసకృత్తులను విప్పి, వాటి నత్రజనిని కంకికి పంపుతుంది, పత్రహరితమూ విరిగిపోతుంది. అడిగే గింజ లేకపోతే ఆకుకు ఆ తొందర ఉండదు. ఈ వేళను నిర్ణయించే జన్యువుల్లో ఒకదాన్ని 2006లో గోధుమలో పట్టుకున్నారు. ఆ కుటుంబపు జన్యువులను అణచి చూస్తే ఆకు పండడం 3 వారాలకు పైగా వెనకబడింది, గింజలో మాంసకృత్తులు, ఇనుము, జింకు 30 శాతానికి పైగా తగ్గాయి!

మెండెల్ బఠానీల కథ అందరికీ తెలిసిందే. రెండో తరంలో 6,022 పసుపు గింజలు, 2,001 ఆకుపచ్చవి. (లెక్కల మనిషిని గనుక ఈ అంకెలు నోటికి వచ్చేశాయి.) ఆ ఆకుపచ్చకు కారణం 2007లో తేలింది: పత్రహరితాన్ని విరగ్గొట్టే పని మొదలుపెట్టే జన్యువు చెడిపోవడం. ఆ మొక్క ఆకు కూడా పచ్చగానే నిలుస్తుంది. అయితే ఆహారం తయారు చేయడం మామూలు వేళకే తగ్గిపోతుంది. రంగు మాత్రం మిగులుతుంది. పాత బాకీ తీర్చడానికి కొత్త అప్పిచ్చి, ఖాతా బతికే ఉన్నట్టు చూపడాన్ని మా బ్యాంకుల్లో ఎవర్‌గ్రీనింగ్ అంటారు. ఆ పేరు పెట్టినవాడు వృక్షశాస్త్రం చదివాడేమో!

జొన్నలో వేరే రకం పచ్చదనం ఉంది. ఇథియోపియా మూలాల బి-35 అనే జొన్నలో, నీటి ఎద్దడిలోనూ ఆకును పచ్చగా నిలిపే జన్యుభాగాలు నాలుగు ముఖ్యమైనవి గుర్తించారు. వాటిని ఇతర జొన్న రకాల్లోకి ఎక్కించే పని పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనూ జరిగింది. ఇందులో కిటుకు పత్రహరితంలో కంటే నీటి వాడకంలో ఎక్కువ. ఈ మొక్క పిలకలు తక్కువ వేస్తుంది, పై ఆకులు చిన్నవిగా ఉంచుకుంటుంది. పూతకు ముందు అలా మిగిల్చిన చెమ్మ గింజ నిండే వేళకు అక్కరకొస్తుంది. చెమ్మే పెట్టుబడి అయిన మా రేగడి నేలలో ఇది చిన్న విషయం కాదు. కంకి నిండుతుంది, ఎద్దుకు పచ్చాకు చొప్పా దొరుకుతుంది.