నాన్న కారులో ఊరికి

నాన్న పోయాక ఆయన ఆల్టో కారు మా ఇంటికి చేరింది. "ఒక్కసారి ఆ కారులోనే మనూరు వెళ్దామే" అంది అమ్మ. హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం అంటే దాదాపు 700 కిలోమీటర్లు. "పాత బండి, రైల్లో వెళ్దాం అత్తయ్యా" అన్నారు మావారు. అమ్మ మొహం చిన్నబోయింది.

మర్నాడే మెకానిక్‌ని పిలిచాను. బ్రేకులు, ఫ్యాన్ బెల్టు, బ్యాటరీ చూశాడు. ఇంజిన్ ఆయిలు, కూలెంటు మార్చాడు. టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి. కానీ వాటి పక్కన అచ్చయిన నాలుగంకెలు చూపించాడు: 2314. అంటే 2014లో, 23వ వారంలో తయారైనవట!

"గాట్లు అరగకపోయినా రబ్బరు గట్టిపడిపోద్దమ్మా, హైవే మీద ఎండకి పేలొచ్చు" అన్నాడు. స్టెప్నీతో కలిపి ఐదూ మార్చాల్సిందే. గాజుల కోసం దాచుకున్న డబ్బులు తీశాను.

కారు తుడుస్తుంటే డాష్‌బోర్డు అరలో నాన్న చిన్న పుస్తకం దొరికింది. ఎప్పుడు సర్వీసు చేయించారో, ఎంత పెట్రోలు పోయించారో అన్నీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. చివరి పేజీలో ఒకటే మాట: 'టైర్లు మార్చాలి.'

అమ్మ చదివి కాసేపు ఏం మాట్లాడలేదు. "నువ్వు మార్పించావుగా" అంది చివరికి.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరుతున్నాం. పులిహోర కలిపేది నేను, బండి నడిపేది మావారేనట!