మిల్లు నిదానం, లోడు ఎక్కువ: సూర్యాపేట టు మిర్యాలగూడ, ఒక జన్యువు కథ

ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సెక్కి కిటికీ సీటు పట్టుకోండి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటాక మూసీ వంతెన వస్తుంది. అది దాటితే కాసేపట్లో సూర్యాపేట. ఒకప్పటి పేరు భానుపురి. పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల నాటి గుళ్లున్నాయి. దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. ఇక ఎండ సంగతి పేరులోనే ఉంది కదా!

ఈ ఎండలో మూత్రం కాస్త ఎర్రగా వస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? "వేడి చేసింది, అంతే." వెంటనే సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, కొబ్బరి బొండాం, మజ్జిగ. చాలాసార్లు వాళ్ల మాటే నిజం. నీళ్లు సరిగా తాగకపోతే మూత్రం చిక్కబడి ముదురు రంగులో వస్తుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్ మాత్ర వేసుకున్నా ఎరుపు, నారింజ రంగులో వస్తుంది.

కానీ ఒక్కోసారి అది రక్తమే అయి ఉంటుంది. నొప్పి ఉండదు, మంట ఉండదు. రెండు రోజులు వచ్చి దానంతటదే ఆగిపోతుంది. బార్లీ నీళ్లు పనిచేశాయని అందరూ అనుకుంటారు. నెలలు గడిచాక మళ్లీ వస్తుంది. మూత్రాశయ క్యాన్సర్ చాలామందిలో ఇలాగే మొదలవుతుంది. ఎక్కువగా యాభై దాటినవాళ్లకు, అందులోనూ మగవాళ్లకు వస్తుంది. అంటే ఈ కథ మీ ఫోన్‌లో చదువుతున్నది మీరే అయినా, విషయం మాత్రం మీ నాన్నది, పెదనాన్నది, తాతది.

కోదాడ: టీ కొట్టు దగ్గర

సూర్యాపేట నుంచి అదే హైవే మీద ముందుకెళ్తే కోదాడ. ఆ తర్వాత ఆంధ్రా బోర్డర్. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడినప్పుడు కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. రాత్రి పూట లారీలు పక్కకు ఆపుకుని డ్రైవర్లు టీ తాగుతారు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో బీడీయో సిగరెట్టో. నిద్ర ఆపుకోవాలి కదా అంటారు.

పొగ ఊపిరితిత్తులకు చేటు అని సినిమా హాల్లో కూడా చెప్తారు. మూత్రాశయం మాట మాత్రం ఎవరూ ఎత్తరు. పొగాకు పొగలో ఆరోమాటిక్ అమైన్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి రక్తంలో కలుస్తాయి, కిడ్నీలు వడకడతాయి, చివరికి మూత్రాశయంలో చేరి గంటల తరబడి అక్కడే నిలవ ఉంటాయి. పొగ తాగేవాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు తాగనివాళ్లకంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ.

ఈ రసాయనాల సంగతి మొదట బయటపడింది రంగుల ఫ్యాక్టరీల్లో. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్, అద్దకం రంగులు తయారు చేసే కార్మికుల మూత్రాశయాల్లో గడ్డలు గమనించి లోకానికి చెప్పాడు. అదే ఏడాది మన భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. తర్వాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చిన మెథోట్రెక్సేట్, ముదిరిన మూత్రాశయ క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ మందుల్లో ఒకటైంది.

నల్లగొండ వాళ్లకు ఇక్కడో డౌటు వస్తుంది: మన ఫ్లోరైడ్ నీళ్ల వల్ల కూడా వస్తుందా? ఫ్లోరైడ్ దెబ్బ పళ్ల మీద, ఎముకల మీద. తాగే నీటి ద్వారా మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని రుజువైన విషం వేరే ఉంది, ఆర్సెనిక్. తైవాన్‌లో బావినీళ్లు తాగిన ఊళ్లలో అది తేలింది.

మిర్యాలగూడ: మిల్లు గేటు దగ్గర

కోదాడలో హైవే వదిలేసి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వైపు తిరగండి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే నేల. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. వరి పెరిగింది, వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి. కోతల సీజన్‌లో మిల్లు గేట్ల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి.

జన్యువు పని అర్థం కావాలంటే ఆ క్యూ చూస్తే చాలు. మన కాలేయంలో కూడా ఒక మిల్లు ఉంది. దాని పేరు నాట్2 ఎంజైమ్. ఒంట్లోకి వచ్చిన అమైన్లను మార్చి, హాని చేయకుండా బయటికి పంపడం దాని పని. కొందరిలో అది స్పీడుగా తిరుగుతుంది, కొందరిలో నిదానం. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి వస్తాయి. రెండూ నిదానం రకమైతే మిల్లు నిదానమే. అప్పుడు గేటు దగ్గర ఆగిన లోడు వేరే దారి పడుతుంది, ఇంకా ప్రమాదకరమైన రూపంలో మూత్రాశయం చేరుతుంది.

నిదానం మిల్లు అరుదైనదేమీ కాదు. 1960ల్లో మద్రాసులోని టీబీ పరిశోధన కేంద్రం ఐసోనియాజిడ్ మాత్ర రోగుల ఒంట్లో ఎంత వేగంగా తగ్గుతుందో కొలిచింది. ఆ మాత్రనూ ఈ మిల్లే ఆడిస్తుంది. దక్షిణాది వాళ్లలో సగానికి పైగా నిదానం రకమే అని తేలింది. అంటే మేనరికం ఉన్న ఇల్లు, లేని ఇల్లు అని తేడా లేదు. మీ బస్సులో కూర్చున్నవాళ్లలో సగం మంది అదే కావచ్చు.

మరి వాళ్లందరికీ క్యాన్సర్ వస్తుందా? రాదు. 2005లో స్పెయిన్‌లో వెయ్యి మందికి పైగా రోగులను పరిశీలిస్తే, నిదానం రకం వాళ్లకు ముప్పు దాదాపు 1.4 రెట్లు కనిపించింది. అదీ పొగ తాగేవాళ్లలోనే గట్టిగా. జీఎస్‌టీఎం1 అనే ఇంకో జన్యువు అసలే లేనివాళ్లు కూడా ఉన్నారు, వాళ్లకూ ముప్పు కొంత ఎక్కువ. కానీ వడ్లే రాని మిల్లు ఎంత నిదానంగా తిరిగితే ఏం? మిల్లును మార్చలేం, లోడు ఆపడం మాత్రం మన చేతిలో పనే.

వాడపల్లి: రెండు నదులు కలిసే చోట

మిర్యాలగూడ నుంచి అద్దంకి రోడ్డు పట్టుకుంటే వాడపల్లి. హైదరాబాద్ మురికంతా మోసుకుంటూ వచ్చిన మూసీ ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. పైన ఏం కలిపామో కిందికి అదే వస్తుందని ఈ నదిని చూస్తే వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికెళ్లాక చేయాల్సినవి కొన్ని. నాట్2 టెస్టు కోసం డబ్బులు తగలేయకండి, ఫలితం ఏదొచ్చినా డాక్టరు చెప్పేది పొగ మానమనే. ఇంట్లో ఎవరికైనా మూత్రాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే, లేదా పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు చిన్న వయసులో ఇద్దరు ముగ్గురికి వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి. అది లించ్ సిండ్రోమ్ అనే వేరే వారసత్వం కావచ్చు. బీడీ, సిగరెట్ మానాలనుకునేవాళ్లకు 1800-11-2356 ఉచిత ఫోన్ నంబరు ఉంది.

మూత్రంలో రక్తం ఒక్కసారి కనపడినా, ఆగిపోయినా సరే, మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించాలి. అవసరమైతే యూరాలజిస్ట్ సన్నటి కెమెరా గొట్టంతో లోపల చూస్తారు. తొందరగా దొరికితే చాలా గడ్డలను పొట్ట కోయకుండా ఆ దారిలోనే తీసేస్తారు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, నిమ్స్ ఉన్నాయి.

ఈ విషయాలు నాన్నలు తమంతట తాము చెప్పరు, సిగ్గు. ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా నాన్నా?" తర్వాత ఇది కూడా అడగండి: "మూత్రం ఎప్పుడైనా ఎర్రగా వచ్చిందా?" వచ్చిందంటే, "వేడి చేసిందిలే" అని ఆయన కొట్టిపారేసినా, మీరు బస్సు టికెట్ బుక్ చేయండి.